ముందుకి జరిగిన సీటు

మూతపడిన ఐస్ ఫ్యాక్టరీ వైపు చీకటి పడ్డాక ఎవరూ వెళ్లరు. అటు పని పడినా చుట్టు తిరిగి వెళ్తారు గానీ ఆ ప్రహరీ పక్కన నడవరు.

ఎందుకంటే — లోపల పొట్టాయన ఉన్నాడని.

పొట్టాయన అంటే ఒకప్పుడు అక్కడ కంప్రెసర్ నడిపిన ఆపరేటరు. గ్యాసు పైపు పగిలిన రాత్రి అందరూ బయటికి పరిగెత్తారట, ఆయన మాత్రం వాల్వు కట్టేద్దామని లోపలే ఉండిపోయాడట. తెల్లారాక శవాన్ని బయటికి తీశారు. అప్పటి నుంచి రాత్రుళ్లు లోపల ఎవరో చక్రం తిప్పుతున్నట్టు, ఐసు దిమ్మల్ని కొక్కెంతో లాగుతున్నట్టు చప్పుళ్లు వస్తాయని చెప్పుకుంటారు. మండు వేసవిలో కూడా ఆ గోడ పక్కన నడిస్తే మెడ మీద చల్లటి ఊపిరి తగులుతుందట.

నేను వినలేదు. నాకు తగల్లేదు. నేను బండ్ల సీట్లు కుట్టుకునేవాణ్ని, నా దుకాణం రోడ్డుకి ఇవతల. దెయ్యాల సంగతి నాకు తెలీదు గానీ మనుషుల మీద మాత్రం అనుమానం ఎక్కువ. టీ ఇచ్చినా ఎందుకిచ్చావని అడిగే రకం అంటుంది మా ఆవిడ. అందుకే నాతో బండి సీట్లు వేయించుకున్న డ్రైవరొకాయన ఈ సంగతి నా దుకాణంలో కూర్చుని చెప్తుంటే అడుగడుక్కీ ఆపి గుచ్చి గుచ్చి అడిగాను. ఆయన చెప్పింది చెప్పినట్టు చెప్తున్నాను.

డ్రైవరు ఉద్యోగమంతా టూరిస్టు బస్సు మీదే గడిపాడు. సముద్రాలు, కొండలు, జలపాతాలు... ఎవరెవరి పెళ్లాం పిల్లల్నో తిప్పి చూపించాడు. సొంత భార్యని ఒక్కచోటికీ తీసుకెళ్లలేదు. అడిగినప్పుడల్లా "రిటైరయ్యాక" అనేవాడు. ఆవిడ కూడా అడగడం మానేసి, అదే మాట చుట్టుపక్కల వాళ్లకి చెప్పుకునేది.

రిటైరయ్యాక పాత కొరియర్ వ్యాను ఒకటి కొన్నాడు. దాని ఇంజను ఎప్పుడో చచ్చిపోయింది. ఆ స్థానంలో చిన్న లారీది డీజిల్ ఇంజను ఎక్కించి, బండిని ఎత్తు పెంచి, లావు టైర్లు వేసి, లోపల మంచం, స్టవ్వు, నీళ్ల ట్యాంకు బిగించి — రోడ్డు లేనిచోటికి కూడా వెళ్లి అక్కడే పడుకునేలా చెయ్యాలని ఆయన పట్టుదల. ఇంజను వెతికి తెచ్చింది, ఎక్కిస్తున్నది మెకానిక్కు. మెకానిక్కు అంటే వేరెవరో కాదు, ఆయన బామ్మర్దే. ఐస్ ఫ్యాక్టరీ వెనక షెడ్డు ఎవరూ తీసుకోరు కాబట్టి వీళ్లకి సులువుగా దొరికింది.

"లైట్లు పెట్టుకుని రాత్రుళ్లు కూడా చేద్దాం బావా, తొందరగా తెమిలిపోద్ది" అన్నాడు మెకానిక్కు మొదటిరోజే.

"పొట్టాయన ఉన్నాడ్రా. పొద్దు వాలేసరికి తాళం వేసెయ్యాల్సిందే" అన్నాడు డ్రైవరు.

ఘాట్ రోడ్డు మధ్యలో, శ్మశానం పక్కన బస్సు ఆపుకుని గుర్రు పెట్టి నిద్రపోయిన మనిషి ఇలా భయపడటమేమిటని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

అసలు సంగతి వేరు. చీకటి పడితే ఆయనకి కళ్లు కనబడవు. రేచీకటి.

రిటైరయ్యాకే మొదలైంది. "పగలు పర్వాలేదు. రాత్రి మాత్రం స్టీరింగు ముట్టుకోవద్దు. ఇది ముదిరితే పగలు సంగతి కూడా నేను చెప్పలేను" అన్నాడట కంటి డాక్టరు. ఈ ముక్క ఇంట్లో తెలిసిందా, వ్యాను అమ్మేయమంటారు. ఇన్నేళ్లు ఎదురుచూసిన మనిషికి ఇచ్చిన మాట గాల్లో కలిసిపోతుంది. అందుకని ఆయన నోరు మెదపలేదు. దెయ్యాన్ని అడ్డం పెట్టుకున్నాడు.

అంతటితో ఊరుకోవచ్చుగా. నమ్మించడానికి చిలవలు పలవలు అల్లాడు. "నిన్న తాళం వేస్తుంటే లోపల కొక్కెం లాగిన చప్పుడు... నా ఈ చెవులతో విన్నాను" అని నాకే చెప్పాడు. ఎంత బాగా చెప్పాడంటే, ఆ సాయంత్రం నేను కూడా పెందలాడే దుకాణం కట్టేశాను.

అలా ఉండగా — ఒక పొద్దున గేరు మారి ఉంది.

డ్రైవరు సాయంత్రం వెళ్లేముందు బండిని న్యూట్రల్‌లో పెట్టి, చక్రాల కింద చెక్కలు పెట్టి వెళ్తాడు. ఎంత అలవాటంటే, అది మర్చిపోవడం ఆయన వల్ల కాదు. చెక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి. గేరు మాత్రం మూడులో ఉంది.

"నువ్వేమైనా కదిపావా?" అని బామ్మర్దిని అడిగాడు.

"నేను ముట్టుకోలేదు బావా" అన్నాడు వాడు, తలెత్తకుండా బోల్టు బిగించుకుంటూ.

ఆ మర్నాడు సీటు.

డ్రైవరు ఆజానుబాహుడు. సీటు చివరిదాకా వెనక్కి లాక్కుంటే గానీ కాళ్లు పట్టవు. ఆ పొద్దున ఎక్కబోతే మోకాళ్లు స్టీరింగుకి కొట్టుకున్నాయి. సీటు పూర్తిగా ముందుకి జరిగి ఉంది... ఎవరో పొట్టి మనిషి కూర్చుని లేచినట్టు.

ఆయన తిన్నగా నా మీదికొచ్చాడు. "నువ్వు సీటు కింద వేసిన పట్టాలు పట్టు నిలవట్లేదయ్యా. సీటు దానంతట అదే జారిపోతోంది."

వెళ్లి చూశాను. లాక్కి చూశాను, తన్ని చూశాను. నా పనిలో లోపం లేదు.

"ఇది కింద కమ్మీ ఎత్తితే తప్ప జరగదండీ. ఎవరో జరిపారు. తాళాలు ఎవరి దగ్గరున్నాయి?"

"నా దగ్గరొకటి, వాడి దగ్గరొకటి."

"అయితే వాడే."

ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు — "వాడు నాకన్నా పొడుగు."

ఆ షెడ్డులో మధ్యాహ్నం పూట కూడా నాకు ఒళ్లు జలదరించింది. సూది మర్చిపోయానని అబద్ధం చెప్పి చల్లగా జారుకున్నాను.

ఇంట్లో ఇంకో తంతు నడుస్తోంది. సాయంత్రం కాగానే భార్య వంట మూతపెట్టి తమ్ముడింటికి బయల్దేరేది. "మా మరదలికి నడుం పట్టేసిందండీ, మంచం దిగట్లేదు. కాస్త చేసిపెట్టి వస్తా" అని. రాత్రి బాగా పొద్దుపోయాక వచ్చి మాట్లాడకుండా పడుకునేది. ఒకరోజు ఆవిడ పక్కన పడుకుంటే డీజిల్ వాసన వచ్చింది. తమ్ముడిల్లు కదా, మెకానిక్కు ఇల్లు కదా అని సరిపెట్టుకున్నాడు.

కానీ మార్కెట్లో ఆ మరదలే ఎదురైంది. రెండు చేతులా బరువు సంచులు, చకచకా నడక.

"నడుం ఎలా ఉందమ్మా?" అన్నాడు డ్రైవరు.

"నడుమేంటన్నయ్యా?" అంది. వెంటనే నాలిక్కరుచుకుంది. "ఆ... అదా... తగ్గిందన్నయ్యా" అని నీళ్లు నమిలి, గుంపులో కలిసిపోయింది.

ఇక డ్రైవరుకి కంటి మీద కునుకు లేదు. భార్య అబద్ధమాడుతోంది. బామ్మర్ది అబద్ధమాడుతున్నాడు. ఇంజను ఎక్కించడం అయిపోయింది, కానీ ఎంత తిప్పినా అందుకోవట్లేదు. డీజిల్ పైపులో గాలి చేరింది, రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటూ వాడు సాగదీస్తున్నాడు. మంచి ఇంజను. ఇంకెవరికో మాటిచ్చాడా? అక్కాతమ్ముళ్లు కలిసి బండిని వదిలించుకునే ఎత్తు వేశారా?

అంతకన్నా పెద్ద అనుమానం ఇంకోటి ఆయన్ని తినేసింది. ఆవిడకి అసలు తనతో రావడం ఇష్టం లేదేమో. ఈ వయసులో ఈ తిరుగుళ్లేంటని అనుకుంటోందేమో. అది తల్చుకున్నప్పుడే ఎక్కువ బాధేసిందని నాతో అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

లేదా... ఇవేవీ కాకుండా... తను ఉత్తుత్తినే పేరు పెట్టి పిలిచినవాడు నిజంగానే వచ్చాడేమో.

ఆ రాత్రి ఆవిడ వెళ్లిన కాసేపటికి డ్రైవరు బయల్దేరాడు. టార్చి ఉంది గానీ ఆయన కళ్లకి అది చూపించేది చిల్లపెంకంత చోటు. అరచెయ్యి ప్రహరీకి ఆనించి, గోడ పట్టుకుని నడిచాడు. ఇటుక, ఇటుక, పెచ్చు ఊడిన చోటు, మళ్లీ ఇటుక. మెడ మీద చల్లగా తగిలింది. గాలేనని చెప్పుకున్నాడు. చుట్టూ గాలి లేదు.

షెడ్డు పక్క తలుపు చేతికి తగిలింది. తాళం లేదు.

టార్చి ఆర్పి, చెవి పెట్టి విన్నాడు.

టక్... టక్... ఇనుము కదిలిన చప్పుడు. ఆగింది. కిర్రుమని ఏదో అణిగింది... లేచింది... మళ్లీ అణిగింది. మధ్యలో సన్నటి గొణుగుడు. మాటలు తెలియట్లేదు. మనిషి గొంతే, కానీ ఎవరితోనో మాట్లాడుతున్నట్టు లేదు, తనలో తనే లెక్క అప్పజెప్పుకుంటున్నట్టు ఉంది.

వెనక్కి తిరిగితే అయిపోయేది. కానీ తిరిగి ఎవరికేం చెప్పాలి? ఏం చూశావని అడుగుతారు. చీకట్లో తను చూడలేడని చెప్పాలి. అదొక్కటీ చెప్పలేడు.

లోపలికి అడుగు పెట్టాడు.

వ్యాను ఉండాల్సిన చోట ముద్దలా నలుపు. ఆ నలుపులో డ్రైవరు సీటు దగ్గర — తెల్లగా ఏదో. పొట్టిగా. స్టీరింగు పైకి తల కూడా సరిగ్గా రాలేదు. కళ్లు చిట్లించి చూశాడు, నులుముకున్నాడు, మళ్లీ చూశాడు. మొహం లేదు. ఆ తెలుపు మెల్లిగా ముందుకి వంగింది.

ఇంకో రెండడుగులు వేశాడు, గోడ వదిలేసి.

అప్పుడు... పగలంతా ఎంత తిప్పినా అందుకోని ఇంజను, ఒక్కసారిగా అందుకుంది.

షెడ్డు రేకులన్నీ దడదడలాడాయి. మరుక్షణం రెండు లైట్లూ ఆయన మొహం మీద పడ్డాయి. అంతే, లోకం మొత్తం తెల్లగా అయిపోయింది. గోడ లేదు, తలుపు లేదు, తన చేతులు తనకి లేవు. పై ప్రాణాలు పైనే పోయాయి. ఎటో ఒకవైపు పారిపోదామని కాలు ఎత్తాడు —

"కదలకండి."

ఎత్తిన కాలు అలాగే ఉండిపోయింది.

"ఏమండీ... కాలు వెనక్కి తీసుకోండి. మెల్లిగా. మీ ఎడం పక్కన గొయ్యి ఉంది. దాని మీది చెక్కలు తీసేశాం."

బండి కిందికి దిగి పని చెయ్యడానికి తవ్విన గొయ్యి అది. మనిషి లోతు. ఆయన కాలు వెనక్కి తీసుకుని నేల మీద పెట్టాడు. నేల ఉంది. ఇంజను ఆగింది. తలుపు తెరుచుకుంది. ఎవరో వచ్చి మోచెయ్యి పట్టుకున్నారు. ఆ చెయ్యి ఎవరిదో కళ్లతో పనిలేదు.

"నువ్వా" అన్నాడు.

"నేనే. మీ బామ్మర్ది కూడా ఉన్నాడు, పక్క సీట్లో నక్కి కూర్చున్నాడు. వాడే నేర్పిస్తున్నాడు. నేను నేర్చుకునేదాకా పగలు ఇంజను అందుకోకుండా డీజిల్ కట్టేసింది కూడా వాడే."

డ్రైవరుకి దెయ్యం భయం పోయి ఇంకో భయం పట్టుకుంది. ఆవిడ 'గొయ్యి కనబడట్లేదా' అని అడగలేదు. గొయ్యి ఉందని చెప్పింది.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"కరెంటు పోయినప్పుడు ఇదివరకు కొవ్వొత్తి మీరే వెలిగించేవాళ్లు. ఇప్పుడు నేను వెలిగించేదాకా కుర్చీలోంచి లేవట్లేదు." కొంచెం ఆగి అంది, "తర్వాత డాక్టరు దగ్గరికి నేనూ వెళ్లొచ్చాను."

"చెప్పొచ్చుగా నాకు."

"మీరు చెప్పారా?"

బండిలోంచి దిగిన బామ్మర్ది టార్చి కోసం వెతుకుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు.

"అమ్మేయమంటావని భయపడ్డాను" అన్నాడు డ్రైవరు చివరికి.

"అమ్మడానికా ఇన్నేళ్లు కూర్చున్నాను?" అంది ఆవిడ, కోపంగానే. "పగలు మీరు నడపండి. పొద్దు వాలితే నేను. పగలు కూడా మీకు కుదరని రోజు వస్తే, అప్పుడూ నేనే. పరీక్షకి వెళ్లి లైసెన్సు తెచ్చుకుంటాను. మీ ముందు నేర్చుకుంటే మీరు చిన్నబుచ్చుకుంటారని ఇలా లైట్లు కూడా వెయ్యకుండా దొంగతనంగా నేర్చుకుంటున్నాను."

ఆయన తడుముకుంటూ వ్యాను దాకా వెళ్లాడు. అలవాటుగా డ్రైవరు వైపు తలుపు మీద చెయ్యి వేశాడు. ఆవిడ వెనకే నిలబడింది. కాసేపు ఆ తలుపు పట్టుకుని ఊరుకున్నాడు. తర్వాత బానెట్టు మీద చెయ్యి ఆనించి, ముందు నుంచి చుట్టు తిరిగి, అవతలి వైపు ఎక్కి కూర్చున్నాడు.

ఆవిడ ఎక్కింది. ఇంజను అందుకుంది. క్లచ్ ఒక్కసారిగా వదిలేసింది కాబోలు, బండి గంతేసి ఆగిపోయింది. బామ్మర్ది షెడ్డు పెద్ద తలుపులు తెరుస్తూ నవ్వాడు.

"నవ్వకురా" అన్నాడు డ్రైవరు. ఆవిడ వైపు తిరిగి, "కంగారేం లేదు. మళ్లీ స్టార్ట్ చెయ్యి" అన్నాడు.

ఇంజను మళ్లీ అందుకుంది. ఆయన కళ్ల ముందు అద్దమంతా నల్లగా ఉంది. బస్సు నడిపినంత కాలం ఎవర్నీ అడగని మాట అడిగాడు.

"ఎదురుగా ఏముంది?"

ఆవిడ స్టీరింగు మీదికి వంగి, తీరిగ్గా చూసింది.

"రోడ్డుందండీ. ఎవరూ లేరు."

"అయితే పోనీ" అన్నాడు.