థెల్మా లెక్కలో దక్షిణం

కీనోట్ స్పీకర్ ఐవన్ మైకు సరిచేసుకున్నాడు. అందరికీ గుడ్ మార్నింగ్ చెప్పాడు. గ్లాసెత్తి ఓ గుక్క నీళ్ళు తాగాడు. ఆ తర్వాత మాట్లాడింది లేదు, వేదిక మీదే కుప్పకూలిపోయాడు. డర్బన్ కన్వెన్షన్ హాల్లో దేశదేశాల మ్యాపుల నిపుణులంతా లేచి నిలబడ్డారు. పరుగున వచ్చిన డాక్టరు గుండెపోటన్నాడు. గ్లాసు వాసన చూసిన కార్తికేయ కాదనుకున్నాడు, అదీ మనసులోనే. ప్రొజెక్టర్ మెకానిక్ యూనిఫాం వేసుకున్నవాడు డాక్టరుతో వాదనకి దిగితే ఏం బాగుంటుంది?

కార్తికేయది కాకినాడ. హైదరాబాద్‌లో శాటిలైట్ బొమ్మలు చదవడం నేర్చి, తొంభై ఐదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పేరుతో డర్బన్ చేరాడు. అసలు జీతం ఇచ్చేది ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసు. ఆ ఆఫీసుకి డర్బన్‌లో పెద్ద దిక్కు రాధాకృష్ణ. పైకి సైన్స్ సభలకి వెళ్ళి శాలువాలు కప్పే పెద్దమనిషి. ఐవన్ శవాన్ని అంబులెన్స్ ఎక్కించాక కారు పార్కింగ్‌లో బ్రీఫింగ్ జరిగింది.

"రేపటి స్పీకర్ సీతాలక్ష్మి. తర్వాతి టార్గెట్ ఆవిడే."

"మానుకోమనండి సార్."

"అన్నాను, అసలు సంగతి చెప్పకుండా. ఐవన్ గారి మాటలు కూడా నేనే చెప్తానంది."

సంగతి ఇదీ. ఐవన్ డర్బన్ దగ్గరి డార్నల్‌లో పుట్టిన రిటైర్డ్ సర్వేయర్. పాత ప్రభుత్వం నల్లవాళ్ళనీ, మనవాళ్ళనీ ఇళ్ళలోంచి తరిమెయ్యక ముందు విమానాల్లోంచి తీసిన ఫొటోలు జీవితమంతా పోగుచేశాడు. కొత్త ప్రభుత్వం ఎవరి నేల వాళ్ళకి తిరిగి ఇస్తానంటోంది. ఈలోగా ఒక విదేశీ ముఠా దొంగ మ్యాపులు పుట్టించి, ఇసుక దిబ్బల్లోని ఖనిజం కోసం ఆ నేలని తన పేర రాయించుకుంటోంది. హైదరాబాద్ నుంచి వచ్చిన సీతాలక్ష్మి తన శాటిలైట్ బొమ్మల మీద ఐవన్ ఫొటోలు పరిచి, ఆ దొంగతనాన్ని తెర మీద చూపించబోతోంది. రుజువంతా ఒకే డిస్క్‌లో ఉంది. అది లాకర్ వదిలి బయటికొచ్చేది ఉపన్యాసానికే. ముఠా కాచుకున్నది ఆ క్షణం కోసమే, మనిషీ రుజువూ ఒక్కసారే పోతాయి.

ముఠా నాయకుడు కీత్. మూడు పాస్‌పోర్టులు, మూడు పుట్టినరోజులు. అతని పక్కన ఎర్ర గౌనులో, ఎత్తు మడమల్లో మెరిసిపోయే అమ్మాయి థెల్మా. తాతల నాడు చెరకు తోటల్లో పనికి వచ్చిన తెలుగువాళ్ళ పిల్ల, ఐవన్ దగ్గర పని నేర్చిన సర్వేయర్. కీత్ ఆమెని తన మనిషి అనుకుంటున్నాడు. నిజానికి రాధాకృష్ణ మనిషి. ఇంకా నిజం చెప్పాలంటే, కొన్ని నెలలుగా కార్తికేయ మనిషి. ఆ మాట ఇద్దరూ పైకి అనుకోలేదు. ఈ పని అయ్యాక అనుకుందాంలే అనుకున్నారు, పిచ్చివాళ్ళు.

ఆ మధ్యాహ్నం కార్తికేయ ఊరి శివారు ఇసిపింగోలో ఒక పెంకుటింటి తలుపు తట్టి, కోడ్ మాట చెప్పాడు. "కూడు మిగిలిందా?" లోపల్నుంచి థెల్మా జవాబిచ్చింది, "పులుసు మాడింది." అంటే వెనక ఎవరూ లేరని. థెల్మా అవ్వ గంగమ్మకి ఈ కోడ్‌ల గొడవ తెలియదు. మాడని పులుసుని మాడిందంటారేమని మనవరాలిని తిట్టి, చేపల పులుసుతో ఇంత కూడు పెట్టి, ఏసయ్యకి ప్రార్థన చేసుకోడానికి వెళ్ళిపోయింది.

థెల్మా ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులో పడుతుంది. ఆమె తెలుగులో మగా ఆడా తేడా ఉండదు, అందరూ వస్తాది, పోతాది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. ఐవన్ ఆమెకి తండ్రి తర్వాత తండ్రి. పారిపొమ్మని కార్తికేయ బతిమాలాడు, పొద్దున్నే జొహానెస్‌బర్గ్ ఫ్లైట్ ఎక్కిస్తానన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"బాంబ్ ఆ స్పీచ్ బల్లలో ఉండాది, బావా. ముట్టుకుంటే హాల్లో కీత్ మనిషి చూస్తాది, ఫోన్ చేస్తాది, కీత్ నొక్కేస్తాది. బటన్ ఉన్న ప్లేస్ నాకు పొద్దున చెప్తాది. నేను ముందు పోతాను. దాన్ని విప్పేది నాకు రాదు, కీత్ వచ్చేలోగా నువ్వు రావాల."

చోటు ఎలా తెలియజేస్తావని అడిగాడు. పేజర్‌కి అంకెలు పంపుతానంది. మాటలైతే కీత్ చదువుతాడు, అంకెలైతే ఫోన్ నంబరనుకుంటాడు. హాలుని సున్నా అనుకుని ఎక్స్ ఎన్ని మీటర్లో, వై ఎన్ని మీటర్లో. ఇద్దరూ సర్వే చదివినవాళ్ళే. అందుకే అడగాల్సిన ఒక్క ప్రశ్నా ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

మర్నాడు పొద్దున హాలు నిండింది. పేజర్ మోగింది. ఎక్స్ మూడు వందలు, వై తొమ్మిది వందలు. కార్తికేయ బుర్ర దానంతటదే లెక్క కట్టేసింది. ఎక్స్ అంటే తూర్పుకి, వై అంటే ఉత్తరానికి. కాకినాడ స్కూల్లో గ్రాఫ్ కాగితం ఇచ్చిన రోజు నుంచీ అంతే. పరిగెత్తాడు.

చేరింది రైల్వే స్టేషన్ పక్కన ఖాళీ యార్డుకి. తుప్పు పట్టిన వ్యాగన్లు, గడ్డి. మేడ లేదు, మనిషి లేడు. వ్యాగన్లన్నీ వెతికాడు. థెల్మా అని రెండుసార్లు పిలిచాడు. రాధాకృష్ణకి ఫోన్ చేసి పరిచయ వాక్యాలు సాగదీయమన్నాడు. సీతాలక్ష్మిని పరిచయం చేసే బాధ్యత రాధాకృష్ణదే మరి. ఆయన గొంతు సవరించుకుని, భూమి గుండ్రంగా ఉందని మనిషికి తెలిసిన నాటి నుంచీ మొదలుపెట్టాడు.

దారి చూసుకుందామని కార్తికేయ జేబులోంచి ఊరి సర్వే మ్యాపు తీశాడు. ఇక్కడి ఆఫీసులో అచ్చైనది. అంచున ఎక్స్ అంకెలు ఉన్నాయి. కిందికి, అంటే దక్షిణానికి పోయేకొద్దీ పెరుగుతున్నాయి. వై అంకెలు చూశాడు. పడమటికి పెరుగుతున్నాయి. ఈ దేశంలో సర్వే లెక్క దక్షిణానికీ పడమటికీ నడుస్తుంది. మూడేళ్ళుగా ఈ మ్యాపులతోనే అన్నం తింటున్నాడు. మార్పిడి అంతా కంప్యూటరే చేసేది, తన తలకి పట్టలేదు. థెల్మాకి అదొక సంగతే కాదు, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఎక్స్ అంటే దక్షిణమే.

హాలుకి మూడు వందల మీటర్లు దక్షిణం, తొమ్మిది వందలు పడమర. గ్రే స్ట్రీట్ పక్క సందులో చీరల కొట్టు మీద పాత మేడ. మినీబస్ టాక్సీని ఆపి, చేతికొచ్చిన నోట్లన్నీ డ్రైవర్ ఒళ్ళో పడేసి పోనిమ్మన్నాడు. ఆ దారంతా తనని తాను తిట్టుకున్న తిట్లు అచ్చువేయదగ్గవి కావు.

మెట్లెక్కి తలుపు తన్నాడు. థెల్మా గోడ వారన కూలబడి ఉంది. ఎర్ర గౌను కాబట్టి నెత్తురు వెంటనే తెలియలేదు. బటన్ పెట్టె యాంటెన్నా తీగని పీకేసినట్టుంది. కీత్ దాన్ని లాక్కుని తిరిగి తగిలిస్తున్నాడు. బల్ల మీద, హాల్లో మాటలు వినిపించే రిసీవర్‌లో రాధాకృష్ణ పరిచయం ఎట్టకేలకి ముగిసింది, చప్పట్లు మోగాయి, డిస్క్ లోపలికి వెళ్ళిన చిన్న శబ్దం వినపడింది. కీత్ వేలు బటన్ మీదికి వంగింది.

కార్తికేయ పెన్ను ఎత్తి క్లిప్ నొక్కాడు. ఆ పెన్నుతో రాయడం కుదరదు, అందులో ఉండేది సిరా కాదు, విషపు ముల్లు. కీత్ బల్ల మీదికి ఒరిగి, అక్కణ్ణించి నేలకి జారాడు. బటన్ అలాగే ఉంది.

థెల్మా తలని ఒళ్ళోకి తీసుకున్నాడు. ఆమె చాలాసేపు ఒక్కతే వాణ్ణి ఆపిందని గది చూస్తేనే తెలుస్తోంది. విరిగిన కుర్చీ, ఊడిపోయిన ఎత్తు మడమ చెప్పు. ముందే వచ్చుంటే కీత్ ఇంకా రాకముందే ఇద్దరూ మెట్లు దిగిపోయేవాళ్ళు.

"ఆలీసం చేసినావు, బావా."

కోపం లేదు ఆ మాటలో. కూడు చల్లారిపోయిందని అవ్వ అనే మాదిరే అంది. ఉత్తరానికి వెళ్ళానని చెప్పాడు. ఆమెకి అర్థమైంది. సర్వేయర్ కదా. నవ్వబోయింది.

"నేను చెప్పాల్సింది. మీ ఊర్లో వేరే అని... మర్చిపోతిని. ఆ అక్క మాట్లాడతాదా?"

రిసీవర్ గొంతు పెంచాడు. హాల్లో సీతాలక్ష్మి, ఇది ఐవన్ గారు దాచిపెట్టిన ఫొటో, ఈ ఇళ్ళు ఇప్పుడు లేవు, కానీ ఉండేవి అని చెబుతోంది. థెల్మా వింది. రెండో ఫొటో దాకా వింది. తర్వాతవి కార్తికేయ ఒక్కడే విన్నాడు. గట్టిగా ఏడవడానికి కూడా లేదు, కింద చీరల కొట్లో జనం ఉన్నారు.

ఉపన్యాసం అయ్యాక హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. బాంబుని గుట్టుగా తీసేశారు. కీత్ మనిషి దొరికాడు, దొంగ మ్యాపులు కోర్టుకెళ్ళాయి. సీతాలక్ష్మికి ఇవేమీ తెలియవు. అంత సుత్తి పరిచయం జన్మలో వినలేదని నవ్వుతూ విమానం ఎక్కింది. గ్రే స్ట్రీట్‌లో దోపిడీ, యువతి మృతి అని పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి.

శనివారం ఇసిపింగో శ్మశానంలో పాస్టర్ ప్రార్థన ముగించాడు. మబ్బు పట్టి ఉంది, ఎండ లేదు. పెట్టె దించబోతుంటే గంగమ్మ ఆపమంది. జనంలో కార్తికేయని వెతికి పట్టుకుని దగ్గరికి పిలిచింది. అతని చేయి గట్టిగా పట్టుకుంది.

"అయ్యా, నువ్వు మ్యాపులోడివంట కదా. తూరుపు ఏ పక్క? ఏసయ్య తూరుపు నించి వస్తాడు. పిల్ల లేచి నిలబడితే ఎదురుగా అగుపడాల."

కార్తికేయ చుట్టూ చూశాడు. మరోసారి చూశాడు. అప్పుడు చేయెత్తి సముద్రం వైపు చూపించాడు. పెట్టెని అటు తిప్పారు.

ఈసారి దిక్కు సరిగ్గానే చెప్పాడు, కాకపోతే మూడు రోజులు ఆలస్యంగా.