ఎవరికీ సరిపోకూడని ఉద్యోగం

"ఉద్యోగం లేదండీ" అంది ఆమె, తలుపు సగమే తెరిచి.

"ఉందండీ" అన్నాడతను, చేతిలో కాగితం ఊపుతూ. "ఇదిగో మీ ప్రకటన. ఇంకా రెండ్రోజులు గడువుంది."

"ఉంది కానీ లేదు."

"అదేమిటండీ, దేవుడి గురించి చెప్పినట్టు చెబుతారు?"

బయట వాన. ప్రేమకథల్లో కురిసే మర్యాదస్తురాలైన వాన కాదు, కాలర్లోంచి దూరి నడుము దగ్గర విడిది చేసే రకం. అతని జుట్టు కొసల నుంచి చుక్కలు గుమ్మంలో రాలుతున్నాయి. కాగితం మాత్రం తడవలేదు. చొక్కా లోపల దాచుకుని తెచ్చినట్టున్నాడు. ఉద్యోగం మీద అంత ప్రేమ ఉన్నవాణ్ణి చూడగానే ఆమె తలుపు ఇంకాస్త మూసింది.

ఎందుకంటే ఆ ఉద్యోగం ఆమెది.

అది పళ్ళ ల్యాబ్. తినే పళ్ళు కావు, తినడానికి వాడే పళ్ళు. డాక్టర్లు పీకిన చోట పెట్టడానికి కొత్తవి ఇక్కడ తయారవుతాయి. పంటి మీద తొడిగే తొడుగుని ఆ వృత్తిలో కిరీటం అంటారు. ఆమె రోజుకి ఆరేడు కిరీటాలు చేస్తుంది. అన్ని కిరీటాలు చేసినా ఆ పరాయి రాజ్యంలో ఉండే హక్కు మాత్రం ఆమెకి వీసమెత్తు కూడా లేదు. ఉన్నదల్లా వీసా.

అదీ చదువయ్యాక రెండేళ్ళు పనిచేసుకోమని ఇచ్చే వీసా. ఇక ఆరు వారాలే మిగిలాయి. ఆ తర్వాత ఉండాలంటే ఓనరు ఆమెని స్పాన్సర్ చేయాలి. చేయాలంటే ముందు ఆ ఉద్యోగాన్ని ఇరవై ఎనిమిది రోజులు ప్రకటించి, 'ఈ దేశంలో తగినవాడెవడూ దొరకలేదు మహాప్రభో' అని నిరూపించాలి. తగినవాడు వచ్చాడో, ఉద్యోగం వాడిదే.

అందుకని ప్రకటన ఆమే రాసింది. అద్దం ఎదురుగా పెట్టుకున్నట్టు రాసింది. పదార్థ శాస్త్రంలో పీజీ ఉండాలి. ఎడమచేతి వాటం ఉండాలి, ఎందుకంటే బల్లా దీపం అన్నీ ఎడమచేతి ఓనరు తనకి అనువుగా బిగించుకున్నవి. తెలుగు చదవడం రావాలి, ఎందుకంటే ఆయన తన ముప్ఫై ఏళ్ళ అనుభవమంతా కోడిగీతల తెలుగులో పదకొండు నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు. పంటి రంగుల్లో పదహారు ఛాయలు కంటితోనే పోల్చాలి. ప్లాస్టర్ పొడికి తుమ్మకూడదు.

భూమ్మీద తను తప్ప ఇంకెవరూ ఇందులో ఇమడరని ఆమె ధీమా. ఆ ధీమా ఇప్పుడు గుమ్మంలో నీళ్ళోడుతూ నిలబడింది.

"పీజీ ఎందులో?" అంది ఆమె.

"పదార్థ శాస్త్రం."

"వాటం?"

అతను కాగితం ఊపిన చెయ్యి చూపించాడు. ఎడమ.

"తెలుగు చదవడం వచ్చా?"

"మా అమ్మ నాకు ఉత్తరాలు తెలుగులోనే రాస్తుందండీ. ఆవిడ రాత చదివినవాడు శిలాశాసనాలైనా చదువుతాడు."

ఆమె ఆఖరి ఆశతో ప్లాస్టర్ డబ్బా మూత తీసి అతని ముక్కు ముందు దులిపింది.

అతను తుమ్మలేదు. ఆమె తుమ్మింది.

"ఎవరమ్మాయ్?" అంటూ ఓనరు లోపల్నుంచి వచ్చాడు. కళ్ళకి నల్ల అద్దాలు. శుక్లాల ఆపరేషనై వారం కాలేదు. సంగతి విన్నాడు. "సరే, రూలు రూలే. వచ్చినవాడికి పరీక్ష పెట్టాలి. మైనంతో దవడ పన్ను చెక్కాలి, ఇరవై నిమిషాలు. మార్కులు నువ్వే వెయ్యి. నాకిప్పుడు పన్నూ గోరూ ఒకేలా కనబడుతున్నాయి."

"నేనా, మాస్టారూ?"

"నువ్వు కాక ఇంకెవరున్నారిక్కడ?"

అతను బల్ల దగ్గర కూర్చున్నాడు. దీపం మీద చిన్న కత్తి వెచ్చచేసి మైనం చెక్కడం మొదలెట్టాడు. ఆమె ఎదురుగా గడియారం పట్టుకుని నిలబడింది.

"మీరు చూస్తున్నది నన్నా, పన్నునా?" అన్నాడు తలెత్తకుండా.

"పన్నునే."

"నన్ను చూసినా పన్ను వెయ్యరు లెండి."

"మాటలు తగ్గించి చెక్కండి. ఈ పని మీకంత అవసరమా?"

"నేను పనిచేసే ల్యాబ్ మూసేశారండీ. ఐదు నెలలయింది. చెక్కడానికి పళ్ళు లేక, ఇంట్లో కూర్చుని ఉన్న పళ్ళే నూరుకుంటున్నాను."

"మీదేం వీసా?"

"నాకక్కర్లేదు. చిన్నప్పుడే అమ్మానాన్నలతో వచ్చేశాను. ఇక్కడి పౌరుణ్ణే."

అంత మాటని 'టీలో చక్కెర అక్కర్లేదు' అన్నంత తేలిగ్గా అన్నాడు. ఆమెకి ఆ కత్తి లాక్కుని అతని ముక్కే చెక్కాలనిపించింది.

ఇరవయ్యో నిమిషానికి పన్ను బల్ల మీద ఉంది. ఆమె దాన్ని అరచేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. పైన నాలుగు ఎత్తులూ, మధ్య పల్లాలూ, పక్క వాలూ. దేవుడు చేసినా ఇంత శ్రద్ధగా చెయ్యడు, చేసుంటే ఈ ల్యాబ్ ఉండేదే కాదు. వంకల కోసం వెతికింది. అంచున ఒక్క గోటి గుర్తు దొరికింది.

వెనక దీపం ఇంకా వెలుగుతోంది. ఓనరుకి కళ్ళు కనబడవు. కుర్రాడు చేతులు కడుక్కుంటున్నాడు. పన్నుని ఆ మంట దగ్గరికి రెండు వేళ్ళంత జరిపితే చాలు, ఎత్తులన్నీ కరిగి చదునవుతాయి. ఆరు వారాల గడువు ఐదేళ్ళ వీసా అవుతుంది.

ఆమె దీపం ఆర్పేసింది. కాగితం మీద ఇరవైకి పందొమ్మిది వేసి సంతకం పెట్టింది. రూలు ప్రకారం రెండో ప్రతి అతనికిచ్చింది.

"పందొమ్మిదా!" ఓనరు కుర్చీలోంచి లేచాడు. "ఓసి నా తల్లీ! నీ ఉద్యోగం నువ్వే పీకేసుకున్నావా, మత్తుమందు కూడా లేకుండా!"

"మాస్టారూ!"

ఇక ఆయన ఆగలేదు. వీసా, ప్రకటన, ఆరు వారాలు, అన్నీ కక్కేశాడు. అతని చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది.

"నాకు తెలీదండీ. నేను తప్పుకుంటాను."

"అక్కర్లేదు" అంది ఆమె. "మీ మీద జాలితో నేను పందొమ్మిది వెయ్యలేదు. మీరూ నా మీద జాలిపడి తప్పుకోకండి. మీకూ ఇల్లు గడవాలి కదా. మాస్టారు ఉద్యోగం ఇచ్చినట్టు ఉత్తరం ఇస్తారు. మూడు రోజుల్లో జవాబు చెప్పండి."

అతను మార్కుల కాగితం చొక్కాలో దాచుకుని వానలోకి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం వాళ్ళమ్మ ఫోన్లో వీసాల జాబితా విప్పింది.

"మళ్ళీ ఏదైనా కోర్సులో చేరవే."

"ఇంకో పీజీ చేస్తే నేనే పీజీ హాస్టలైపోతానమ్మా."

"గొప్పవాళ్ళకిచ్చే వీసా ఏదో ఉందటగా?"

"దానికి పతకాలు కావాలి. నా దగ్గరున్నవి పళ్ళు."

"పోనీ వ్యాపారం వీసా?"

"పెట్టుబడి ఏదీ?"

"అయితే శుభ్రంగా పెళ్ళి వీసా! ఆ పౌరుడెవరో వచ్చాడన్నావుగా?"

"ఉద్యోగం లాక్కున్నవాడికి మెడ కూడా వంచమంటావా?"

"అది కాదే. చూడ్డానికెలా ఉంటాడు?"

"తడిసి ఉన్నాడు. సరిగ్గా చూళ్ళేదు."

"తడిసినా బాగానే ఉన్నాడన్నమాట" అంది అమ్మ. ఆమె ఫోన్ పెట్టేసింది.

మూడో రోజు పొద్దున్నే అతను వచ్చి ఓనరుకి ఒక కవరిచ్చాడు. ఈ ఉద్యోగంలో చేరడం లేదని ఉంది.

"జాలిపడొద్దని చెప్పానా లేదా?" ఆమె కత్తి కింద పెట్టి మరీ అరిచింది. పెట్టడం మంచిదైంది.

"పడలేదండీ, ఒట్టు. ఇది చూడండి." రెండో కవరు తీశాడు. పక్క వీధి ల్యాబ్ వాళ్ళ అపాయింట్‌మెంట్ లెటర్. "ఐదు నెలల్లో నన్ను రెండుసార్లు గుమ్మంలోంచే పంపేశారు వాళ్ళు. నిన్న మీ మార్కుల కాగితం చూపించాను. 'పందొమ్మిది ఎవరేశారు?' అన్నారు. 'వేస్తే తన సీటు పోతుందని తెలిసీ వేసినావిడ' అన్నాను. రేపే రమ్మన్నారు. నా మాట నమ్మనివాళ్ళు మీ సంతకం నమ్మారు."

ఆమె తేదీ చూసింది. ముద్ర చూసింది. కిటికీ వెలుగులో పెట్టి మరీ చూసింది.

"జీతం ఇక్కడికంటే ఎక్కువ" అంది నెమ్మదిగా.

"ఎక్కువే. త్యాగం చేద్దామని బయల్దేరేలోపే లాభం వచ్చి పడింది."

"ఎక్కువంటే ఎంతోయ్?" అన్నాడు ఓనరు.

"మాస్టారూ!"

"సరే సరే. ప్రకటన గడువు నిన్నటితో ముగిసింది. వచ్చిన ఒక్కడూ కాదన్నాడు. ఇంకేం కావాలి? ఫారాలు తియ్యి అమ్మాయ్."

అతను వెళ్ళకుండా గుమ్మంలోనే తచ్చాడాడు. "సాయంత్రం కాఫీకి వస్తారా?"

"రాను."

"కాఫీ పడదా, నేను పడనా?"

"వీసా వచ్చేదాకా మీతో మాట్లాడను. పౌరుడితో కాఫీ తాగితే, వీసా కోసం వల వేసిందంటారు."

"ఎవరంటారు?"

"అందరికంటే ముందు నేనంటాను." ఆమె గొంతులో ఇప్పుడు కోపం లేదు. "అది నా పనితో రావాలండీ. అప్పుడు మిమ్మల్నెందుకు చూస్తున్నానో నాకే అనుమానం ఉండదు."

"అంటే, చూస్తున్నారన్నమాట!"

"వెళ్ళండి."

వెళ్ళాడు. కానీ వీధి సర్కారుది కదా. రోజూ సాయంత్రం అవతలి ఫుట్‌పాత్ మీద గొడుగేసుకుని వెళ్ళేవాడు. కిటికీ ఎదురుగా నడక కాస్త నెమ్మదించేది. ఆమె తలెత్తేది. ఒక్క మాట లేదు. చూపుల రాకపోకల మీద ఏ దేశమూ ఇంకా ఆంక్షలు పెట్టలేదు.

"ఇవాళ ఐదు నిమిషాలు లేటయ్యాడు" అనేవాడు ఓనరు, కొత్త కళ్ళ సంబరంలో.

ఆమె నవ్వలేకపోయేది. రోజులు తరుగుతున్నాయి. పదకొండు, ఏడు, నాలుగు. సూట్‌కేస్ మంచం కింద నుంచి మంచం మీదికొచ్చింది. పళ్ళ రంగు పోలుస్తూంటే పదహారు ఛాయలూ ఒక్కటే తెలుపైపోయేవి.

గడువు రెండ్రోజులుందనగా ఈమెయిల్ వచ్చింది. చదివింది. ఓనరుకి చూపించి, ఏప్రన్ విప్పకుండానే, గొడుగు లేకుండానే, వేళ్ళకి మైనంతోనే వానలో పక్క వీధికి నడిచింది.

అతను మర ఆపి లేచి నిలబడ్డాడు.

"ఐదేళ్ళు" అంది ఆయాసపడుతూ.

"పనికా?"

"పనికి."

"మరి నాకో?"

"నీకు గడువు పెట్టలేదు" అంది, ఆ పళ్ళ మరల మధ్యే అతని చెయ్యి పట్టుకుని. రెండూ ఎడమ చేతులే కావడంతో వాళ్ళు పక్కపక్కన నడవలేక, ఒకరికెదురుగా ఒకరు నిలబడిపోవాల్సొచ్చింది. ఇద్దరికీ అభ్యంతరం ఉన్నట్టు కనబడలేదు.

కాఫీ బల్ల దగ్గర్నుంచే వాళ్ళమ్మకి ఫోన్ చేసింది. వీసా సంగతీ చెప్పింది, అతని సంగతీ చెప్పింది.

అమ్మ అయోమయంగా అడిగింది. "వీసా వచ్చేసిందంటున్నావుగా! ఇంకా పెళ్ళెందుకే?"

"ఇక వీసా కోసం దాంతో అవసరం లేదు కాబట్టేనమ్మా."



"ఫోన్ ఆ అబ్బాయికివ్వు" అంది అమ్మ.