బొమ్మలో లేని కోత

"వాల్వు గోడ పలచబడితే విమానం గాల్లోనే పేలిపోతుంది. నడిపేది మీ బావ. బయల్దేరు," అన్నాడు చీఫ్.

ఏజెంటు డేగకు అంతకుమించిన బ్రీఫింగ్ అక్కర్లేదు. కొత్త విమానానికి ఇంధన వాల్వు ఈ పూటే మిషనెక్కుతోంది. దాన్ని చెడగొట్టడానికి ఓ విదేశీ ముఠా కార్ఖానాలో చొరబడిందని కబురు. లోపల ఆడిటర్ వేషంలో మన ఏజెంటు ఒకామె ముందే ఉంది. పేరు నెమలి.

డేగ ప్రోగ్రామర్ వేషం కట్టి, చొక్కా గుండీలో కెమెరా పెట్టుకుని, కార్ఖానా కంప్యూటరు గదిలో నెమలి ముందు దిగాడు.

"ఇక్కడ ఏసీ మరీ చల్లగా ఉంటుందా?"

"అలవాటైతే ఉక్కపోస్తుంది," అందామె. కోడ్ కలిసింది.

సెంటు వాసనను ముందు పంపి తాను వెనక తీరిగ్గా వచ్చే రకం నెమలి. కంప్యూటరంటే భయమనీ, తెరమీద ఏం కనబడినా తనకు బొమ్మేననీ వయ్యారంగా చెప్పుకుంది.

పొద్దున్నే నిపుణుల కమిటీ వచ్చి వెళ్ళిందట. డిజైన్ మోడ్‌లో వాల్వుని అటూ ఇటూ తిప్పి, గోడ కొలిచి, బ్రహ్మాండమని సంతకాలు గీకి, బిస్కెట్లు తిని పోయారట. వింటుంటే డేగకు ఒళ్ళు మండింది. డిజైన్ మోడ్‌లో ఉండేది వస్తువు ఎలా ఉండాలన్న ఆశ. మిషను ఆశలు చదవదు, మెషినింగ్ మోడ్‌లో గీసిన టూల్‌పాత్‌నే, అంటే కత్తి నడిచే దారినే చదువుతుంది. పెళ్ళికూతురి ఫొటో చూసి కాపురానికి హామీ రాసిచ్చే పెద్దమనుషులు వీళ్ళు!

అద్దాల అవతల మిషను తిరుగుతూనే ఉంది. పైపై కోతలు అయిపోవచ్చాయి. మిగిలింది గోడ కోతే.

డేగ మౌస్ డిజైన్ మోడ్‌లో తిరిగినంతసేపూ నెమలి గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది. అది రెండో ట్యాబ్ వైపు జరగ్గానే లేచి నిలబడింది.

"మెషినింగ్ మోడ్‌లోకి ఎందుకండీ? టూల్‌పాత్ మళ్ళీ లెక్కేయాలంటే గంట పోతుంది."

"ఇందాక బొమ్మన్నారు. ఇంతలో ఇంత చదువెలా అబ్బింది మేడం?" అంటూ డేగ ట్యాబ్ నొక్కాడు.

తెర మారింది. గోడ మీద వదలాల్సిన మిగులు సున్నా ఉండాలి. అక్కడ మైనస్ ఒకటి కూర్చుని ఉంది. అంటే కత్తి గోడ దగ్గర ఆగదు, మిల్లీమీటరు లోపలికి దిగుతుంది. డిజైన్ మాత్రం కడిగిన ముత్యం!

నెమలి చేతిలో లిప్‌స్టిక్ కాస్తా పిస్టలైంది. "కదలకు. గోడ కోత మొదలవుతోంది."

డేగ బల్లమీది ఆమె సెంటుసీసానే అందుకుని ఆమె కళ్ళల్లోకి పిచికారీ కొట్టాడు. పేలిన గుండు పైకప్పులోకి పోయింది. అతను ఒక్క దూకులో బయటపడి మిషను ఆపే ఎర్ర బటన్ మీద అరచేత్తో గుద్దాడు. గోడకు వెంట్రుకవాసి దూరంలో కత్తి నిలిచిపోయింది.

కళ్ళు నలుపుకుంటూ తిట్టిపోస్తున్న నెమలిని గార్డులు లాక్కుపోయారు. ముఠా ఆమెను డబ్బుతో కొని సాఫ్ట్‌వేరంతా నేర్పింది. తెలియనట్టు నోరు మూసుకోవడం ఒక్కటే నేర్పలేదు.

మైనస్ చెరిపి, దారి మళ్ళీ లెక్కగట్టించి, వాల్వు చేతికొచ్చాక డేగ ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడే అక్క ఫోన్.

"మీ బావ ఏదో కొత్త విమానం ఎక్కుతాడటరా. గట్టిదేనా?"

"గట్టిదే అక్కా. గోడలు బాగా మందం."

"అయితే ఆయన బుర్రకి సరిజోడే," అని అక్క ఫోన్ పెట్టేసింది.