వాచీ వద్దంది

పెళ్లిచూపుల్లో పద్మప్రియ కాఫీ ట్రేతో హాల్లోకి రాగానే ఉదయ్ భాస్కర్ లేచి నిలబడ్డాడు. తాతయ్య చెంచురామయ్య ముచ్చటపడిపోయాడు. "ఆడపిల్లకి మర్యాద ఇచ్చే పిల్లగాడు" అన్నాడు. అసలు సంగతి నెల తర్వాత ఫోన్లో బయటపడింది. గంట నుంచి కూర్చునే ఉన్నావు, లెమ్మని చేతి వాచీ చెప్పిందట. లేచాడట!

అప్పటి నుంచి ఆ వాచీ అంటే పద్మప్రియకి ఒళ్లుమంట. అది నీళ్లు తాగమంటే తాగుతాడు, పడుకోమంటే పడుకుంటాడు. మధ్యలో తనెందుకో ఆమెకి అర్థం కాలేదు. అయినా రోజూ అతని ఫోన్ కోసం ఎదురుచూడటం మాత్రం మానలేదు.

శనివారం సాయంత్రం పెనుబల్లిలో వాన. పద్మప్రియ ఇంటి ముందు టెంటువాళ్లు తిట్టుకుంటూ పట్టాలు కడుతున్నారు. అప్పుడే, ఫ్రెండ్స్‌తో అండమాన్ వెళ్లిన ఉదయ్ నుంచి ఫోన్ వచ్చింది.

"ప్రియా, చిన్న ప్రాబ్లం. రేపు పొద్దున ఫ్లైట్ ఎక్కొద్దంటుంది."

"ఎవరు?"

"వాచీ."

పద్మప్రియ కళ్లు మూసుకుని, తెరిచింది. "రేపు నాలుగూ పదికి మన నిశ్చితార్థం. తెలుసా?"

"తెలుసు, విను. స్కూబా డైవింగ్ నిన్ననే ఉండె. గాలి ఎక్కువుందని ఇవాళ్టికి మార్చిన్రు. నీళ్లలోంచి బయటికొచ్చేసరికి మూడున్నర అయింది. నా వాచీలో డైవ్ కంప్యూటర్ యాప్ ఉంది. ఎంత లోతుకి పోయినం, ఎంతసేపు ఉన్నం, అన్నీ లెక్కేస్తది. పైకొచ్చినంక పద్దెనిమిది గంటలు విమానం ఎక్కొద్దని చూపిస్తుంది. అంటే రేపు తొమ్మిదిన్నర దాకా. నా ఫ్లైట్ ఏడింటికి."

"నిశ్చితార్థం ముందురోజు మీకు సముద్రంలో ఏం పనండీ?"

మీరు, అండీ అని మర్యాద మొదలైందంటే కోపం నెత్తికెక్కినట్టే. ఉదయ్ గొంతు తగ్గింది.

"ముహూర్తం పెట్టకముందే ఫ్రెండ్స్ టికెట్లు బుక్ చేసిన్రు కదా."

"వాళ్లకి లేదా ఈ ప్రాబ్లం?"

"వాళ్లు పడవలోనే వాంతులు చేసుకున్నరు. నీళ్లల్ల దిగనేలేదు."

పద్మప్రియ నుదురు కొట్టుకుంది.

"గైడేమో ఏం కాదు, అందరూ పోతరు అంటుండు," అన్నాడు ఉదయ్. "నువ్వు రమ్మంటే వస్త. వాచీ తీసి బ్యాగులో పడేస్త."

రెండు నెలలుగా ఆమె వినాలనుకున్న మాట అది. వచ్చేయ్ అనడానికి నోరు తెరిచింది కూడా. కానీ ఆమె ఖమ్మంలో కోచింగ్ కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్. నీటి లోతులో ఒత్తిడికి నైట్రోజన్ రక్తంలో కరుగుతుందని, ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే సోడా మూత తీసినట్టు బుడగలు లేస్తాయని, మనిషి ప్రాణం మీదికి వస్తుందని ఏటా నూట ఇరవై మందికి బోర్డు మీద రాసి చెబుతుంది. విమానంలో ఒత్తిడి తక్కువ. ఆ దిక్కుమాలిన వాచీ చెప్పింది నిజమే.

ఎల్లుండి నుంచి మూఢం. ఇంక మూడు నెలలు ముహూర్తాల్లేవు. ఇది తప్పితే ఈ సంబంధం మనకి రాసిపెట్టి లేనట్టేనని తాతయ్య ముందే చెప్పాడు. తాతయ్య మాటంటే ఆ ఇంట్లో మాటే.

"ఎక్కకు," అంది.

"ప్రియా, మరి ముహూర్తం..."

"ఎక్కావంటే నేనే నిన్ను చేసుకోను. తొమ్మిదిన్నర దాటాక ఏది దొరికితే అది ఎక్కు. ఇప్పుడు ఫోన్ పెట్టేయ్. నాకు ఏడుపొస్తుంది."

సంగతి వినగానే తల్లి నిర్మలాదేవి పూలబుట్ట కింద పెట్టేసింది. "గడియారం చెప్పిందని నిశ్చితార్థానికి రాడా?"

"గడియారం కాదు. నేనే రావద్దన్నా." పద్మప్రియ నైట్రోజన్ చెప్పింది, సోడా చెప్పింది.

"రక్తంలో సోడా ఏందే!" అంది తల్లి.

చెంచురామయ్య మాత్రం పంచాంగం పక్కన పెట్టి అడిగాడు. "ఎన్నింటికి వదులుద్ది?"

"తొమ్మిదిన్నరకి, తాతయ్యా."

"ఆగమను. వర్జ్యంలో బయల్దేరకూడదు."

మొన్న కంటి ఆపరేషన్‌కి దవాఖానాకి పోతూ, వర్జ్యమని కారుని గేటు దగ్గరే ముప్పావు గంట ఆపిన మనిషి ఆయన. నైట్రోజన్‌తో పనిలేకుండానే ఆయనకి అర్థమైపోయింది.

"మరి రేపటి ముహూర్తం?" అంది పద్మప్రియ.

"ముహూర్తానికి వాడితో పనేంది? తాంబూలాలు మార్చుకునేది పెద్దోళ్లం. మా తాంబూలాల రోజు నేను కల్లంలో మిరపకాయలు ఎండబోస్తున్నా. ఇంటికొచ్చాక చెప్పారు, నీకు పెళ్లి కుదిరిందిరా అని."

ఈ ముక్క ముందే చెప్పుంటే ఇంత ఏడుపు తప్పేది కదా అని పద్మప్రియకి తాతయ్య మీద కూడా కోపం వచ్చింది.

ఆదివారం నాలుగూ పదికి ఉదయ్ అమ్మానాన్నలు, చెంచురామయ్య తాంబూలాలు మార్చుకున్నారు. పద్మప్రియ పట్టుచీర కట్టుకుని ఒక్కతే కూర్చుంది. పక్కన కుర్చీ ఖాళీ. పెళ్లికొడుకు చెన్నైలో రెండో విమానం కోసం ఎదురుచూస్తున్నాడు.

సోమవారం పొద్దున ఆమె కాలేజీకని గొడుగు పట్టుకుని గేటు తీసేసరికి ఎదురుగా ఉదయ్, నిలువునా తడిసి ఉన్నాడు.

"లేటు," అంది.

"అవ్." అతను వానలోనే నిలబడ్డాడు. "గైడ్ వెళ్లమన్నడు, ఫ్రెండ్స్ రమ్మన్నరు, మా అమ్మ కూడా ఏం కాదు వచ్చేయ్ అన్నది. నువ్వొక్కదానివే వద్దన్నవ్. సంబంధం పోయినా పర్లేదన్నట్టు వద్దన్నవ్. నువ్వంటే నాకెంత ఇష్టమో నాకు అప్పుడే తెలిసింది, ప్రియా."

పద్మప్రియ అతని ముందు ఏడవదల్చుకోలేదు. అందుకే గట్టిగా అరిచింది.

"ఫొటోలన్నిటిలో నా పక్కన ఖాళీ కుర్చీ ఉంది. అందరూ నవ్వుతున్నారు, నేనా కుర్చీని చూస్తున్నా. ఇంకోసారి నన్నట్ల కూర్చోబెట్టావంటే ఊరుకోను. నాకు నువ్వు కావాలి. ప్రాణాలతో, పక్కన, టైముకి! అర్థమైందా?"

"అయింది."

ఆమె గొడుగు సగం అతని మీదికి జరిపి, చెయ్యి చాపింది. "ఉంగరం ఏది?"

తడిసిన జేబులో కాసేపు వెతికి, తీసి తొడిగాడు. పద్మప్రియ ఆ రోజుకి సెలవని కాలేజీకి మెసేజ్ పెట్టింది.