వేళ్ళు లేని గ్లౌజులు

తెల్లవారి ఐదున్నరకి వీధి తలుపు చప్పుడు కాకుండా మూసుకుంది. మంచం పట్టిన మనిషికి అలా మూసిన తలుపే ఎక్కువ వినబడుతుంది. టైలరమ్మ కళ్ళు తెరవకుండానే కోడలి అడుగులు లెక్కపెట్టింది. పదకొండు మెట్లు, గేటు గడియ, ఆ తర్వాత చెప్పుల చప్పుడు కుడిపక్కకి. పార్కేమో ఎడమపక్కన ఉంది. నడకకని చెప్పి వెళ్ళే పిల్ల మూడు నెలలుగా కుడిపక్కకే నడుస్తోంది.

అడుగుదామని రోజూ అనుకుంటుంది ఆవిడ. కోడలు తిరిగొచ్చి, చెమట తుడుచుకుంటూ, "లేద్దామా అత్తయ్యా" అని చంకల కింద చేతులు వేయగానే ఆ మాట గొంతులోనే ఉండిపోతుంది. మనల్ని ఎత్తే చేతుల్ని ఎక్కడికెళ్ళొచ్చావని ఎలా అడుగుతాం?

నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన కాళ్ళు అవి. ఆ వీధిలో పెళ్ళికూతుళ్ళ దగ్గర్నుంచి పోస్టుమాన్ దాకా ఆవిడ కుట్టింది తొడగనివాళ్ళు లేరు. ఎనిమిది నెలల క్రితం షాపు మెట్ల మీద జారిపడి తుంటి విరిగింది. లోపల రాడ్డు వేశారు. ఎముక అతుక్కుంది. "ఇక కండ పట్టాలమ్మా. బాగా తినండి, రోజూ కాసేపు నిలబడండి, వాకర్ పట్టుకుని నడిచే రోజు వస్తుంది" అన్నాడు డాక్టరు.

కొడుకు లిఫ్ట్ మెకానిక్కు. ఊరందర్నీ పైకెక్కించే వాడు తల్లిని మంచం మీంచి లేపలేడా అంటే, లేపగలడు. ఆవిడే లేపనివ్వదు. గదిలోంచి హాల్లోకైతే సరే, స్నానాల గదికి మాత్రం కొడుకు చేతుల మీద వెళ్ళనని మొదటిరోజే చెప్పేసింది. "వాడికి నేను స్నానం చేయించాను గానీ, వాడు నాకు చేయించడమేంటి" అంది. దాంతో ఆ పనంతా కోడలి మీద పడింది. కోడలేమో కొరియర్ ఆఫీసులో కవర్ల మీద ముద్రలు వేసుకునే బక్క మనిషి.

మూడు నెలల క్రితం ఒక పొద్దున స్నానాల గది గుమ్మం దగ్గర కోడలి చేతులు చెమటకి జారాయి. ఇద్దరూ కలిసి నేల మీదకి జారిపోయారు. పడుతూ పడుతూ ఆ పిల్ల తన ఒంటినే పరుపులా కింద పరిచింది కాబట్టి అత్తగారికి గీత కూడా పడలేదు. తన నడుం పట్టేసినా పైకి అనలేదు. అత్తగారి తల గుండెకి ఆనించుకుని, "ఇంకెప్పుడూ వదలను అత్తయ్యా" అంటూ చాలాసేపు ఏడ్చింది. "మనవాళ్ళెవరికీ చెప్పొద్దు" అని ఒకరంటే, "నేనూ అదే అనబోతున్నా" అని ఇంకొకరన్నారు.

ఆ రోజే టైలరమ్మ ఒక నిర్ణయం తీసుకుంది. ఎత్తేవాళ్ళ చేతుల్లో బలం పెంచడం తన వల్ల కాదు. తన ఒంట్లో బరువు తగ్గించుకోవడం మాత్రం తన చేతిలో పనే. అప్పట్నుంచీ కంచంలో సగం తినేది, మిగతా సగం కిటికీ ఊచల్లోంచి కింద సందులోకి వేసేది. ఆ సందులో ఒక కుక్క ఉండేది. మూడు నెలల్లో అది ఎంత బలిసిందంటే పిల్లలు దానికి పీపా అని పేరు పెట్టారు. ఏం తిని బలిసిందో వీధిలో ఎవరికీ అంతుపట్టలేదు.

ఆ ఆదివారం కోడలు వెళ్ళిన పది నిమిషాలకి కొడుకు ఫోను మోగింది.

"అమ్మా, ఎక్కడో లిఫ్ట్ ఇరుక్కుందట, లోపల మనుషులున్నారు. అరగంటలో వచ్చేస్తా. కదలకేం."

"కదలొద్దని నాకు చెప్పాలట్రా" అంది తల్లి. వాడు నవ్వుతూనే పనిముట్ల సంచీ భుజాన వేసుకుని పరిగెత్తాడు.

ఇంట్లో ఎవరూ లేకపోయేసరికి ఆవిడ చూపు కుర్చీ మీద పడింది. కోడలు రోజూ తీసుకెళ్ళే సంచీ ఇవాళ ఇక్కడే ఉంది. తప్పని తెలుసు. తెలిసే చేతికర్ర వంపు తగిలించి సంచీని మంచం మీదకి లాక్కుంది. అందులోంచి ముందు ఒక జత నల్ల గ్లౌజులు బయటపడ్డాయి. ఆవిడ వాటిని కిటికీ వెలుతురులో తిప్పి చూసింది. అరచేతి వైపు మెత్త పెట్టి, డబుల్ కుట్టు వేసి, మణికట్టు దగ్గర పట్టీ పెట్టారు, పనితనం బాగానే ఉంది. వేళ్ళు మాత్రం సగానికే ఆగిపోయాయి. "ఎవడో గుడ్డ చాలక వదిలేశాడు" అనుకుంది.

తర్వాత డబ్బా వచ్చింది. దాని మీద చొక్కా లేని మనిషి ఒకడు పళ్ళికిలిస్తున్నాడు. వాడి భుజాలు బస్తాలో గుమ్మడికాయలు కుక్కినట్టున్నాయి. మూత తీసి వాసన చూసి, తుమ్మి, మూత పెడుతుండగా గుమ్మంలో కూతురి గొంతు వినిపించింది.

కూతురు రెండు వీధులవతల ఉంటుంది, బడిలో టీచరు. ప్రతి ఆదివారంలాగే ఫ్లాస్కులో సూపు పోసుకుని, ఇవాళ మాత్రం తెల్లవారుతూనే వచ్చింది.

"అన్నయ్యేడీ? వదినేదీ? నిన్నొక్కదాన్నీ వదిలేసి ఎక్కడికి పోయారమ్మా ఇద్దరూ?"

"మీ అన్నయ్య ఎవర్నో బయటికి తీయడానికెళ్ళాడు. మీ వదిన నడకకెళ్ళింది. వచ్చేస్తారు, కూర్చో."

కూర్చోబోతూ కూతురు డబ్బా చూసింది. "ఇది ఈ ఇంట్లో ఎవరిదమ్మా? కండలు పెంచుకునేవాళ్ళు తాగే పొడి ఇది. మా బళ్ళో పీటీ సారు రోజూ గిలక్కొట్టుకుని తాగుతాడు." గ్లౌజులు పట్టుకుంది. "ఇవి బరువులెత్తేవి. అంటే వదిన నడకకి కాదు, జిమ్‌కి పోతోందన్నమాట."

"ఆరోగ్యానికేమో లేవే."

"మరి నీ ఆరోగ్యమో?" కూతురు తల్లి చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నదల్లా వదల్లేదు. బొటనవేలూ చూపుడువేలూ ఆ మణికట్టు చుట్టూ తిరిగి ఒకదాన్నొకటి దాటిపోయాయి. మొహంలోకి చూసింది, మెడ ఎముకల్లోకి చూసింది, నైటీ వైపు చూసింది. నైటీ మాత్రం కొలిచి కుట్టినట్టు సరిగ్గానే ఉంది. అదే కూతురికి అనుమానం తెచ్చింది. తల్లి టైలరైతే పిల్లలకి కుట్టు ఎక్కడ తిప్పి చూడాలో చెప్పక్కర్లేదు. పక్క అంచు తిరగేసింది. లోపల గుడ్డ మడత, దాని మీద చేతి కుట్లు మూడు వరసలు. నెలకో వరస.

"అమ్మా, ఇంత చిక్కిపోయి బట్టలు బిగించుకుంటున్నావా, మాకు తెలీకుండా?"

తల్లి కిటికీ వైపు చూసింది.

సరిగ్గా అప్పుడే కోడలు వచ్చింది. చంకలో పెద్ద పలక లాంటిదేదో గుడ్డలో చుట్టి ఉంది. సంచీ తెరిచి ఉండటం, గ్లౌజులు ఆడపడుచు చేతిలో ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"రా వదినా, కసరత్తు అయిందా?" అంది కూతురు. గొంతు పెంచలేదు, అదే భయంగా ఉంది. "మా అమ్మ కడుపు మాడ్చి నువ్వు పొడులు తాగుతున్నావా? ఒక్క గుడ్డు ఎక్కువ పెడితే అరిగిపోతావా? ఇన్నాళ్ళూ నువ్వు బంగారమని ఊరంతా చెప్పుకున్నాను చూడు, నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి."

"అది కాదే" అంది తల్లి.

"నువ్వుండమ్మా. ఇవాళే మాట తేల్చేద్దాం. నర్సులుండే హోమ్ ఒకటి ఉందని మా హెడ్మిస్ట్రెస్ చెప్పింది. వేళకి తిండి పెడతారు, లేపడానికి మనుషులుంటారు. రేపు సోమవారమే తీసుకెళ్ళి చేర్పిస్తాను. అన్నయ్య కాదంటే వాడితోనూ మాట్లాడతాను."

టైలరమ్మ గది చుట్టూ చూసింది. ఈ కిటికీ, గోడవారగా ముసుగేసి ఉన్న తన మిషను, పొద్దున్నే ఈ పిల్ల చేతులు, వీటిని వదిలి ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు లేపితే లేవాలా? నిజం చెప్తే పిచ్చిదంటారు. చెప్పకపోతే పాపం ఈ పిల్ల నెత్తిన పడుతుంది.

కోడలు చంకలోది నేల మీద పెట్టి గుడ్డ విప్పింది. బరువు చూసే మిషను.

"నువ్వన్నది నిజమే. అత్తయ్య చిక్కిపోయారు. నాకూ నిన్ననే తెలిసింది. అందుకే వెళ్ళి జిమ్‌లో దీన్నడిగి తెచ్చాను."

"రోజూ ఎత్తేదానివి, నీకు నిన్న తెలిసిందా?"

"ఎత్తేదాన్ని కాబట్టే ఆలస్యంగా తెలిసింది." అత్తగారి వైపు తిరిగింది. "చెప్పేస్తున్నాను అత్తయ్యా, క్షమించండి. మూడు నెలల క్రితం అత్తయ్యని కింద పడేశాను నేను. ఆ మర్నాడే టైర్ల షాపు మీదున్న జిమ్‌కెళ్ళి, మనిషిని ఎత్తడం నేర్పుతారా అని అడిగాను. కోచ్ నవ్వలేదు. రెండు వారాలు ఉత్త కర్ర ఇచ్చి, మోకాళ్ళు వంచు, నడుం వంచకు అని అదే చెప్పింది. చేతులు జారుతున్నాయంటే గ్లౌజులు కొనుక్కోమంది. ఆ కొట్టువాడే, కొత్తగా చేరారుగా ఇది లేకపోతే బలం రాదని, ఈ డబ్బా కూడా అంటగట్టాడు. రెండు రోజులు తాగితే పొట్ట డోలులా ఉబ్బింది. కోచ్ చూసి తిట్టింది. ముందు గుడ్లూ పాలూ సరిగ్గా తిను, డబ్బా సంగతి తర్వాత చూద్దామని. అప్పట్నుంచి మూత తీయలేదు."

"మరి అమ్మెందుకిలా అయింది?"

"అదే చెప్తున్నా. ఈ పది రోజుల్నించి అత్తయ్య నా చేతుల్లో పూలసజ్జలా లేస్తున్నారు. నాకు బలమొచ్చేసిందని మురిసిపోయాను. ఆయనకి నా జబ్బలు కూడా చూపించాను. నిన్న జిమ్‌లో నలభై కిలోలు పెడితే నేల మీంచి అంగుళం లేవలేదు. పోయిన నెలా లేవలేదు. అప్పుడు గుండె జారిపోయింది. ఇనుము అబద్ధం చెప్పదు కదా. నాకు బలం రాలేదు. అత్తయ్యకి బరువు పోయింది."

కోడలు అత్తగారిని లేపి మిషను మీద నిలబెట్టింది. కూతురు ఒకపక్క, కోడలు ఒకపక్క.

"ముల్లు ఆగాలి. ఒక్క క్షణం వదులుతాం. నా చేతులిక్కడే ఉంటాయి."

చేతులు బెత్తెడు దూరం జరిగాయి. ఆవిడ కాళ్ళు వణికాయి, ముల్లు వణికింది, రెండూ ఒక్కసారే ఆగాయి. యాభై రెండు. ఆసుపత్రి కాగితంలో అరవై నాలుగు ఉంది.

"నేనే" అంది టైలరమ్మ, మళ్ళీ కోడలి భుజం మీద వాలిపోతూ. "నేనే తినలేదర్రా. నా బరువుకే కదా ఈ పిల్ల కింద పడింది. కంచం నిండా ఇదే పెట్టేది. నేనే సగం కిటికీలోంచి పారేశాను."

కూతురు కిటికీలోంచి వంగి చూసింది. కింద పీపా తోకాడిస్తూ, నోరు తెరిచి, పొద్దుటి వాటా కోసం ఆశగా పైకి చూస్తోంది.

ముందు కోడలికి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చేసింది. "నేను మిమ్మల్ని మోయడానికి బలం కోసం పోతుంటే, మీరు కుక్కని మేపుతున్నారా అత్తయ్యా?"

"నువ్వు నడుం పట్టేసుకుని రాత్రిళ్ళు మూలుగుతుంటే వినబడదనుకున్నావా?"

"నేను ఒక్కసారి జారితే మీరు మూడు నెలలు పస్తుంటారా? ఎముకకి కండ పట్టాలని డాక్టరు చెప్పలేదూ? మీరు తేలికైతే నాకు సుఖమని ఎవరు చెప్పారు? మీరు బరువుంటేనే నాకు ధైర్యం."

కూతురు గ్లౌజులు ఇంకా పట్టుకునే ఉంది. వాటిని మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. ఆదివారం ఆదివారం వచ్చి సూపు పోసి వెళ్ళిపోయే తనకి అమ్మ బరువెంతో ఏనాడూ తెలియలేదు. "వదినా" అంది. వదిన అరచెయ్యి తిప్పి చూసింది. వేళ్ళ మొదళ్ళలో నాలుగు కాయలు, ఒకటి చిట్లి ఎర్రగా ఉంది. "గ్లౌజులున్నా ఇదేంటి?"

"మగవాళ్ళ సైజు. చిన్నవి లేవన్నాడు. లోపల చెయ్యి జారుతుంటుంది."

"ఆ మాట నాతో చెప్పడానికేం?" అంది టైలరమ్మ, కళ్ళు తుడుచుకుని. "ఇంట్లో టైలర్ని పెట్టుకుని వదులు గ్లౌజులు తొడుక్కుంటావా? నా సూదిపెట్టె ఇలా తే. వేళ్ళు కూడా పొడిగించనా?"

"అవి అంతే ఉండాలి అత్తయ్యా."

"ఏం ఫ్యాషనో."

కొడుకు వచ్చేసరికి తల్లి దిండ్లకి ఆనుకుని సూదితో గ్లౌజు కుడుతోంది, కోడలు చెయ్యి చాపి కొలతిస్తోంది, చెల్లెలు తల్లి నోటికి చెంచాతో సూపు అందిస్తూ చెంచా చెంచాకీ మింగావా అని అడుగుతోంది. నేల మీద బరువు మిషను చూసి, "ఏమైంది?" అన్నాడు.

"నీ పెళ్ళాం జబ్బలు చూసి మురిసిపోయావటగా" అంది చెల్లెలు. "మోసపోయావు."

మర్నాడు ఆ డబ్బా కూతురే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది. "ఈవిడకి తినే తిండే మందు. ఇది కావాలంటే పాలల్లో చెంచాడు, నేను చెప్పినన్నాళ్ళే" అన్నాడాయన. దాంతో చొక్కా లేని మనిషి వంటింటి అలమారలో పంచదార పక్కన చేరాడు. హోమ్ మాట మళ్ళీ రాలేదు. మంగళ, గురువారాలు పొద్దున కూతురే వచ్చి తల్లిని లేపుతోంది. మోకాళ్ళు వంచు, నడుం వంచకు అని వదిన పక్కన నిలబడి చెబుతుంది. పీపా కిటికీ కింద పది రోజులు ఎదురుచూసి, నడుం తగ్గి, వేరే సందు చూసుకుంది. నైటీ లోపల మూడు వరసల్లో రెండు వరసలు టైలరమ్మే విప్పేసింది.

రెండు నెలలు గడిచాక ఒక బుధవారం పొద్దున కోడలు బిగుతుగా సరిపోయిన గ్లౌజులు తొడుక్కుని, పట్టీ బిగించి, అత్తగారి చంకల కింద చేతులు వేసింది. మోకాళ్ళు వంచింది. ఊపిరి బిగపట్టి లేపింది. సగంలో ఆగిపోయింది.

"ఏమైందే?" అంది అత్తగారు గాభరాగా.

కోడలి మొహం ఎర్రబడింది. కానీ కళ్ళు నవ్వుతున్నాయి.

"ఇవాళ బరువుగా ఉన్నారత్తయ్యా."

పెళ్ళిలో పట్టుబట్టలు పెట్టినప్పుడు కూడా అంత మంచి మాట వినలేదు ఆవిడ. పాదాలు నేలకి గట్టిగా ఆనించి, "అయితే నేనూ కాస్త సాయం పడతాలే" అంటూ లేచింది.