అడ్డంగా పెట్టిన చెంచా

“చెప్పవే! కన్నతల్లిని పట్టించడానికి నీకు చేతులెలా వచ్చాయి?”

భర్త అరుపుకి వంటగదిలో ఆమె చేతిలోని గ్లాసు జారిపోయింది. విమానాశ్రయంలో ఇరవై ఏళ్ళు సామాన్లు మోసి నడుం పోగొట్టుకున్న మనిషి. గోడ పట్టుకోకపోతే నిలబడలేడు. ఈ రోజు మాత్రం ఏ ఆసరా లేకుండా ముందుగది మధ్యలో నిలబడి ఊగిపోతున్నాడు! అతని ఎదుట కూతురు. విమానంలో వేసుకునే నీలం యూనిఫాం కూడా ఇంకా విప్పలేదు. ఏడ్చి ఏడ్చి కాటుక చెంపల మీదికి దిగింది. బల్ల మీద తెల్ల కాగితం ఒకటి. సాయంత్రం ఆరులోగా తల్లి సంజాయిషీ రాసివ్వాలని అందులో ఉంది.

“పట్టించలేదు నాన్నా... ఒట్టు! తనిఖీవాళ్ళు పొద్దున మా సిబ్బంది గదికొచ్చి, పరీక్ష కోసమని నా బ్యాగులో బొమ్మ తుపాకీ పెట్టారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. నేను... నేను లోపల నవ్వుకున్నాను నాన్నా. మా అమ్మ ముందా మీ ఆటలు అనుకున్నాను. ఒక్క క్షణంలో పట్టేస్తుందనుకున్నాను...”

“పట్టలేదుగా! ఇక చప్పట్లు కొట్టు!”

ఆమె వంటగది గుమ్మంలోనే ఆగిపోయింది.

ఎక్స్‌రే యంత్రం ముందు కూర్చుని, ప్రయాణికుల, సిబ్బంది బ్యాగుల లోపలి బొమ్మను తెర మీద చూడటం ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ. చెప్పు అడుగున దాచిన బ్లేడునీ, పిల్లల బొమ్మలో కుట్టిన కత్తినీ పట్టుకుంది. అందుకే అక్కడ అందరూ ఆమెను డేగమ్మ అనేవారు. “డేగమ్మ ముందు నుంచి వెళ్ళాలంటే మనసులో మాట కూడా ఇంట్లో పెట్టి రావాలి” అని జోకులేసేవారు. కూతురు విమానంలో ఉద్యోగానికి కుదిరినప్పుడు భర్త మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఎక్కడ ఏ దుర్మార్గుడు ఏం పట్టుకుని ఎక్కుతాడోనని అతని భయం. అప్పుడు ధైర్యం చెప్పింది ఆమే! “నా కళ్ళు దాటి బ్లేడు ముక్క కూడా విమానమెక్కదు. నువ్వు ఎగురు తల్లీ!” అంది. ఆ ఒక్క మాట పట్టుకునే ఆ పిల్ల ఐదేళ్ళుగా ఎగురుతోంది.

ఆ ఐదేళ్ళూ పొద్దున్నే లేచి కూతురికి డబ్బా కట్టేది. మూత మీద చెంచాను అడ్డంగా పెట్టి రబ్బరు బ్యాండు వేసేది. విమాన సిబ్బంది వెళ్ళే వరసలో, ఆ యంత్రం తెర మీద, గుండ్రటి డబ్బా, దాని మీద అడ్డగీతలా చెంచా కనిపించగానే ఆమె గుండె పొంగిపోయేది. నా బిడ్డ వచ్చింది! వెంటనే తెర మీది నుంచి కళ్ళెత్తి కూతురి ముఖం చూసి నవ్వేది. కూతురూ నవ్వేది. ఇంట్లో ఇద్దరి డ్యూటీలూ కలవక రోజులకు రోజులు మాట్లాడుకోలేని తల్లీకూతుళ్ళకు ఆ నవ్వే పలకరింపు, ఆ నవ్వే ముద్దు. తనవాళ్ళ బ్యాగు వస్తే లేచి, ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టాలని నియమం ఉంది. ఆమె ఒక్కరోజూ లేవలేదు. సూపర్‌వైజరూ లేవమనలేదు. కన్నతల్లి కదా, ఇంకా జాగ్రత్తగా చూస్తుందిలే అనుకున్నాడు.

ఈ రోజు పొద్దున కూడా డబ్బా వచ్చింది. చెంచా వచ్చింది. ఆమె కళ్ళెత్తి నవ్వింది.

కూతురు నవ్వలేదు.

బ్యాగు అవతలికి వెళ్ళిపోయింది. మరుక్షణం వెనకనుంచి ఒక చెయ్యి ఆమె భుజం మీద పడింది. వందమంది చూస్తుండగా తనిఖీవాళ్ళు ఆమెను లేపారు. అదే తెర మీద అదే బొమ్మను మళ్ళీ చూపించారు. డబ్బా కింద, నల్లగా, దిట్టంగా, చిన్నపిల్లలు కూడా గుర్తుపట్టేంత స్పష్టంగా... తుపాకీ!

ఇంట్లో బల్ల మీద ఆమె ఫోను మోగింది. సూపర్‌వైజరు. కూతురు స్పీకరు నొక్కింది.

“అక్కా, బెంగపడకు. ఒకే ఒక్క ముక్క రాయి. తెర మినుకుమంది, బొమ్మ సరిగ్గా రాలేదు అని. యంత్రం పాతదే కదా, ఎవరూ కాదనరు. వారం తిరక్కుండా మళ్ళీ కుర్చీలో ఉంటావు. కూతురి బ్యాగు వచ్చినా నువ్వు లేవని సంగతి మాత్రం ఎత్తకు. నా మెడకు చుట్టుకుంటుంది.”

“రాసేస్తుంది బాబూ, నేను రాయిస్తా!” అన్నాడు భర్త. ఫోను పెట్టేసి కలం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. “కూర్చో. రాయి. యంత్రానికి పరువేముంది, పోతే పోనీ.”

ఆమె కూర్చుంది. కలం కాగితం మీద ఆనింది.

“అమ్మా...” కూతురు ఆమె ఎదుటికొచ్చింది. “నిజంగా తెర మినుకుమందా?”

ఇరవై రెండేళ్ళు ఎంతమందినో ప్రశ్నలడిగింది. ఇందులో ఏముంది, ఇది ఎవరిది, ఎవరిచ్చారు అని నిలదీసింది. ఇప్పుడు సొంత బిడ్డ ఆమెను అడుగుతోంది! అవునంటే చాలు. కుర్చీ ఉంటుంది, డేగమ్మ అనే పేరుంటుంది, మొగుడి ముందు తలెత్తుకుని తిరగొచ్చు. కూతురి కళ్ళు ఆమెను వదలలేదు. అచ్చం ఆమె కళ్ళే...

“లేదు తల్లీ. తెర బాగానే ఉంది. నేనే చూడలేదు. చెంచా చూశాను. నిన్ను చూశాను.”

“ఈ ఒక్కరోజేనా?”

ఆమె కలం కింద పెట్టింది.

“ఐదేళ్ళు” అంది ఆమె.

కూతురు గోడకు జారగిలబడి కిందికి కూలిపోయింది. “మా బ్యాగులన్నీ ఆ గదిలో తలుపు పక్కనే పడుంటాయమ్మా... ఎవరు పడితే వాళ్ళు తిరుగుతుంటారు. ఎవడైనా నా బ్యాగులో నిజం తుపాకీ పెట్టుంటే?”

“వెళ్ళిపోయేది.”

“విమానం పైకి లేచిన ప్రతిసారీ నీ కళ్ళు తలుచుకునేదాన్నమ్మా! అవి చూశాయిలే, ఇక భయం లేదనుకునేదాన్ని!” వెక్కిళ్ళ మధ్య ఫోను తీసింది. “రేపు రానని చెప్పేస్తా. ఇక ఎక్కను. ఎప్పటికీ ఎక్కను!”

“చెప్పెయ్! ఐదేళ్ళుగా నేను నెత్తీ నోరూ కొట్టుకుంది అందుకే!” అన్నాడు తండ్రి. బిడ్డ కుమిలిపోతుంటే తన మాటే నెగ్గిందని సంతోషించే తండ్రులు కూడా ఉంటారు.

ఆమె రాయడం మొదలుపెట్టింది. నాలుగే వాక్యాలు. సిబ్బంది వరసలో ఐదేళ్ళుగా నా కూతురి బ్యాగు నేనే పంపాను. నియమం తెలిసీ లేవలేదు. నా బిడ్డదే కదా అని ఒక్కరోజూ సరిగ్గా చూడలేదు. యంత్రం తప్పు ఏమీ లేదు. సంతకం పెట్టి కాగితాన్ని కూతురి ఒళ్ళో ఉంచింది.

“నీకేమైనా పిచ్చా?” భర్త కాగితం లాక్కోబోయాడు. నడుం సహకరించక కుర్చీలో కూలబడ్డాడు.

“అమ్మా, ఇది ఇస్తే నిన్ను మళ్ళీ ఆ గుమ్మం తొక్కనివ్వరు...”

“తొక్కనివ్వకూడదు.” కూతురి పక్కనే నేల మీద కూర్చుని, ఆ పిల్ల తడి చెంపలు కొంగుతో తుడిచింది. “ఎనిమిదేళ్ళప్పుడు ఇంట్లో కుర్చీలన్నీ విమానంలోలా వరసగా వేసి, మీ నాన్నని కూర్చోబెట్టి, సీటు బెల్టు పెట్టుకోండి సార్ అని గదమాయించేదానివి. నా తప్పుకి నువ్వు ఎగరడం మానేసి నేల మీద కూర్చోకు. ఇంట్లో ఉన్నంత మాత్రాన ఈ భయం పోదు, ముసలిదానివయ్యేదాకా వెంట ఉంటుంది. రేపు ఆ కుర్చీలో కూర్చునే మనిషికి నువ్వు ఏమీ కావు. అందుకే చూస్తుంది. వెళ్ళు తల్లీ.”

కూతురు తల్లి ఒళ్ళో తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఆరింటికి ముందే ఆ కాగితాన్ని తన చేత్తోనే తీసుకెళ్ళి ఇచ్చి వచ్చింది. రానని మాత్రం ఎవరికీ చెప్పలేదు. తండ్రి ఆ రోజు నుంచి ఇద్దరితోనూ మాట్లాడటం మానేశాడు.

మర్నాడు పొద్దున ఆమె డబ్బా కట్టింది. చెంచాను చేతిలోకి తీసుకుని కొంతసేపు అలాగే నిలబడింది. తర్వాత దాన్ని డబ్బా లోపల పెట్టి మూత బిగించింది.

తొమ్మిదింటికి ఫోను వచ్చింది.

“అమ్మా... కొత్తావిడ బ్యాగు మొత్తం విప్పించింది. డబ్బా మూత కూడా తీయించింది. ముఖం చిట్లించుకుని, నవ్వనైనా నవ్వలేదమ్మా.”

“మంచిది” అంది ఆమె.

“నేను ఎక్కుతున్నానమ్మా.”

ఆమె మేడ మీదికి వెళ్ళింది. విమానాశ్రయంలో ఇరవై రెండేళ్ళు పనిచేసింది గానీ గాల్లోకి లేచే విమానాన్ని నిలబడి చూసింది లేదు. లోపలి హాల్లో, తెర ముందే బతుకు గడిచిపోయింది. కాసేపటికి ఇళ్ళ కప్పుల వెనకనుంచి తెల్లటి విమానం ఒకటి పైకి లేచింది. అది తన బిడ్డదో కాదో ఆమెకు తెలియదు. ఎండకు కళ్ళు మండి నీళ్ళు కారుతున్నా, అది చుక్కంత అయ్యేదాకా, ఆ చుక్క కూడా కలిసిపోయేదాకా, ఈసారి ఆమె చూపు పక్కకు తిప్పలేదు.