నలభై మాస్టారి మీద రెండో కంప్లైంటు

డ్రైవింగ్ స్కూల్ మాస్టారికే ఓవర్‌స్పీడ్ నోటీసు వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అందులోనూ ఈ మాస్టారికి. కారు ఏ రోడ్డు మీదైనా నలభై దాటనివ్వడు గనక కొందరు ముద్దుగా, ఎక్కువమంది విసుగ్గా అతన్ని 'నలభై మాస్టారు' అంటారు. మాస్టారంటే ముసలాయన అనుకునేరు, నిండా ముప్ఫై లేవు. పక్క సీట్లో కూర్చుని నేర్పీ నేర్పీ, ఎవరు బండి నడుపుతున్నా అతని కుడికాలు దానంతటదే బ్రేకు కోసం వెతుక్కుంటుంది. సోఫాలో కూర్చుని టీవీలో కార్ల పందెం చూసినా అంతే.

నోటీసులో ఎవరి కంప్లైంటో లేదు. 'బడి మలుపులో, కళ్లద్దాల షాపు ఎదుట' అని మాత్రం ఉంది. సోమవారం పొద్దున్నే దాన్ని పట్టుకుని ఆ షాపులోకి మండిపడుతూ వచ్చాడు.

"నా మీద కంప్లైంటిచ్చింది మీరేనా?"

ఒక పెద్దాయన ముక్కు మీద ఫ్రేము సరిచేస్తున్న అమ్మాయి తలెత్తింది. "బయట ఆ తెల్ల కారు మీదా?"

"నాదే."

"అయితే నేనే. కూర్చోండి. ఈయన ముక్కు పని పూర్తిచేసి మీ సంగతి చూస్తాను."

కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో అతనికే తెలియదు. కూర్చున్నాక సగం కోపం దిగిపోయింది, అదింకా ఒళ్లు మండించింది.

పెద్దాయన వెళ్లాక ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "పోయిన మంగళవారం, పొద్దున ఎనిమిదీ పదికి. మీ కారు తగిలి ఒక పాప స్కూలు బ్యాగు ఎగిరొచ్చి మా మెట్ల మీద పడింది. ఇంకో జానెడు ఇటైతే పాపే పడేది. మీరు ఆగనైనా ఆగలేదు."

"ఆ టైముకి నేను గ్రౌండులో ఒకావిడకి రివర్స్ నేర్పిస్తున్నానండీ. మూడు వారాల్నుంచీ అదే నేర్పిస్తున్నాను. ఆవిడ గుద్దుళ్లకి ఇప్పటికి గ్రౌండుకి రెండు గేట్లు మార్చారు."

ఆమె నవ్వు ఆపుకుంది. "నంబరు నా కళ్లతో చూశాను."

"ఎక్కణ్ణుంచి?"

"ఇక్కణ్ణుంచే. ఈ అద్దంలో."

చిన్న షాపు. అందుకే కంటి పరీక్ష చార్టును తిరగేసి రాయించి వెనక గోడకు తగిలించారు, కుర్చీలో కూర్చున్నవాళ్లు దాన్ని ఎదుటి అద్దంలో చూసి చదవాలి. రోడ్డు కూడా అదే అద్దంలో కనిపిస్తుంది. తండ్రి లెన్సులు అరగదీస్తుంటే పక్కన ఆ చార్టే చూస్తూ పెరిగిన పిల్ల కాబట్టి, తిరగేసిన రాత చదవడం ఆమెకు మంచినీళ్లు తాగినంత తేలిక.

"అయితే నా నంబరు చదవండి, చూద్దాం," అన్నాడు.

"ఆరు, ఎనిమిది, ఒకటి..." ఆగిపోయింది. వెనక్కి తిరిగి కారును నేరుగా చూసింది. మళ్లీ అద్దంలో చూసింది. ముఖంలో రంగు మారింది.

"మీ చివరి అంకె రెండు. అద్దంలో అయిదులా కనిపిస్తోంది. ఆవేళ నాకు అద్దంలో కనిపించింది రెండు. మిగతావన్నీ తిప్పి చదివి, కంగారులో ఆ ఒక్క అంకె అలాగే రాసేశాను. అంటే ఆ కారు చివరి అంకె అయిదు." షాపు తాళాలు అందుకుంది. "తప్పు నాది మాస్టారూ. క్షమించండి. పదండి, స్టేషనుకి వెళ్దాం."

అతను నోటీసు మడిచి జేబులో పెట్టుకుని ఆమె వెనకే నడిచాడు.

స్టేషన్లో ఇన్‌స్పెక్టరమ్మ ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. "ఆ అయిదు నంబరు కారు ఉన్న మాట నిజమే. ఇప్పుడే ఫోన్ చేయించాను, దాని ఓనరేమో ఆ రోజు బండే తియ్యలేదంటున్నాడు. శుక్రవారం మాస్టారి విచారణ. ఇప్పుడు ఊరికే నంబరు మార్చి రాస్తే మీరిద్దరూ కుమ్మక్కయ్యారంటారు, మాస్టారి దగ్గర నేర్చుకునేవాళ్లు సాక్ష్యం చెప్పినా అంతే. ఆ కారు మళ్లీ అలా వస్తే నంబరు నేరుగా చూసి, టైము, చోటు రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలతో ఈ ఫారం ఇవ్వండి. వీడియో ఉంటే మరీ మంచిది. రోడ్డు మీదకి దిగొద్దు, వెంటపడొద్దు. వెంటనే ఫోన్ చెయ్యండి, మిగతాది మేం చూసుకుంటాం."

"శుక్రవారంలోగా దొరక్కపోతే?" అన్నాడతను.

"డ్రైవింగ్ నేర్పే లైసెన్సు పోతుంది."

నేర్పడం తప్ప అతనికి ఇంకో పని రాదు.

మంగళవారం ఎనిమిది నుంచి తొమ్మిది దాకా షాపు మెట్ల మీద కాపలా కాశారు. ఆ కారు రాలేదు. బుధవారమూ రాలేదు.

"నా మీద బాగా కోపంగా ఉందా?" అందామె.

"మొదటిరోజు ఉంది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు రోడ్డు చూస్తున్నాను."

"రోడ్డు అటుంది మాస్టారూ."

గురువారం వాన. ఉన్నది ఒక్కటే గొడుగు. దాన్ని ఆమె తండ్రి తెచ్చి ఇద్దరి చేతుల మధ్య పెట్టి, ఏమీ ఎరగనట్టు గుమ్మంలో నిలబడ్డాడు. పిల్లలు అవతలి పక్కన వరసగా నిలబడి రోడ్డు ఖాళీ అవుతుందేమోనని చూస్తున్నారు.

హారన్ ముందు వినిపించింది. తెల్ల కారు మలుపు తిరుగుతూ నీళ్లను గోడలా లేపింది. నంబరు చూడాలన్న తొందరలో ఆమె ఒక మెట్టు దిగింది. అతను వీడియో తీస్తున్న ఫోను దించకుండానే రెండో చేత్తో ఆమె మోచెయ్యి పట్టి వెనక్కి లాగాడు. గొడుగు ఎటుపోయిందో తెలియదు.

"ఆరు, ఎనిమిది, ఒకటి, అయిదు. నేరుగా చూశాను," అంది బురదనీళ్లు కారుతుండగా. "ఎనిమిదీ పన్నెండు."

"నేనూ చూశానమ్మా," అన్నాడు తండ్రి గుమ్మంలోంచి.

"వీడియోలో పడింది," అన్నాడతను.

"మీ కారు ఇక్కడే ఉందిగా. వెళ్దామా వెనకాలే?"

"ఇప్పటికి రోడ్డు మీద పిచ్చి కారు ఒక్కటే ఉంది. రెండెందుకండీ?" అంటూ అప్పటికే స్టేషనుకు ఫోన్ చేస్తున్నాడు. ఆమె మోచెయ్యి మాత్రం ఇంకా వదల్లేదు. ఆమె గుర్తు చెయ్యనూ లేదు.

ఏడు నిమిషాల్లో ఇన్‌స్పెక్టరమ్మే ఫోన్ చేసింది. రెండో సిగ్నల్ దగ్గర ఆపారట. ఓనరే, స్టీరింగ్ ఒక చేత్తో, ఫోను ఇంకో చేత్తో.

శుక్రవారం స్టేషన్లో నోటీసు కొట్టేశారు. అయినా ఇద్దరూ కుర్చీల్లోంచి లేవలేదు. ఆమె నాలుగు నెలలుగా రాసుకుంటున్న నోటుపుస్తకం బల్ల మీద పెట్టింది: బడి వేళలో ఆ మలుపులో దూసుకెళ్లిన బండ్లు మూడు వందల పన్నెండు. అతను మలుపు బొమ్మ గీసుకొచ్చాడు: పిల్లలు ఎక్కణ్ణుంచి కనిపిస్తారు, ఎక్కడ బ్రేకు వెయ్యాలి, స్పీడ్ బ్రేకరు ఎక్కడ కావాలి.

"ఇంత వివరంగా మా ఆఫీసులో కూడా ఎవరూ రాయరు," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

నెల తిరక్కుండా మలుపుకి రెండు స్పీడ్ బ్రేకర్లు, మధ్యలో తెల్లగా మెరిసే జీబ్రా గీతలు వచ్చాయి. మొదటిరోజు పొద్దున ఆ బ్యాగు పాప చెయ్యెత్తి పట్టుకుని రాణిగారిలా దాటింది. ఆ పాప కోసం ఒక బస్సు, రెండు లారీలు ఆగాయి. కళ్లద్దాల అమ్మాయి నవ్వుతూనే ఏడ్చేసింది. మాస్టారు అవతలికి తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాత ఆమె డ్రైవింగ్ క్లాసులో చేరింది. రోజూ సాయంత్రం ఆరింటికి షాపు ముందు కారాగేది. అతను క్లచ్ గురించి మాట్లాడాడు, గేర్ల గురించి మాట్లాడాడు, టైరులో గాలి గురించి కూడా మాట్లాడాడు. అసలు మాట దగ్గరికొచ్చేసరికి నీళ్లు నమిలాడు. ఇది చూసి కళ్లు నిక్షేపంలా ఉన్న అతని తల్లి ఒకే నెలలో మూడుసార్లు ఆ షాపులో చూపు పరీక్ష చేయించుకుంది.

లైసెన్సు చేతికొచ్చిన సాయంత్రం ఆమె స్టీరింగ్ ముందు కూర్చుని అతనికొక కాగితం ఇచ్చింది. స్టేషన్ ఫారం.

"మళ్లీ నా మీద కంప్లైంటా?"

"చదవండి."

వాహనం: నలభై మాస్టారు. చోటు: కళ్లద్దాల షాపు ఎదుట. సమయం: రోజూ సాయంత్రం ఆరు. జరిగింది: ఆగాల్సిన చోట ఆగుతున్నారు, సంతోషం. కదలాల్సిన చోట కూడా ఆగిపోతున్నారు. ఎదురుచూసేవాళ్లకి ఇబ్బందిగా ఉంది.

మొదటి సాక్షి దగ్గర ఆమె తండ్రి సంతకం. రెండో సాక్షి దగ్గర అతని తల్లి సంతకం, దాని కింద ఆవిడ చేతిరాతే: 'కళ్లారా చూశాను. మూడుసార్లు పరీక్ష చేయించుకున్న కళ్లు.'

అతనికి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. "నేరం ఒప్పుకుంటున్నాను. మీరంటే నాకు చాలా ఇష్టం. ముక్కు పని పూర్తిచేసి నా సంగతి చూస్తానన్నారే, అప్పట్నుంచీ."

"నాకు మీరు మోచెయ్యి వదలనప్పట్నుంచి," అందామె. "సరే, శిక్ష వినండి. నేను నడుపుతుంటే బ్రేకు నొక్కకుండా కూర్చోవాలి."

కారు కదిలింది. జీబ్రా గీతల దగ్గర ఇద్దరు పిల్లలు కనిపించగానే ఆమె అతను చెప్పకముందే ఆపింది, వాళ్లు పూర్తిగా దాటేదాకా ఆగింది. ఊరి బయట అరవై బోర్డున్న వెడల్పు రోడ్డెక్కాక ముల్లు నలభైని తాకి, నెమ్మదిగా నలభై రెండుకి వెళ్లింది.

అతని కుడికాలు కదల్లేదు.